మీకు తెలుసా? కోళ్ల దాణాలో ఆఖరి మందు

మిగతా మందులు పనిచేయని రోగికి డాక్టర్లు చివరి ఆశగా ఇచ్చే కొలిస్టిన్‌ను, మన దేశంలో ఫారం కోళ్లు త్వరగా బరువు పెరగాలని దాణాలో కలిపేవారు! 2019 జూలైలో కేంద్రం కోళ్లు, పశువులు, చేపలు, రొయ్యలకు దాన్ని నిషేధించింది.

అప్పటికే, 2015లో, చైనా పందుల్లోని ఇ.కోలి అనే బ్యాక్టీరియాలో కొలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు బయటపడింది. అది ఉండేది ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం మీద. రెండు బ్యాక్టీరియాలు అతుక్కుంటే చాలు, ఆ వలయం నకలు పక్కదానికి చేరుతుంది. పక్కది వేరే జాతిదైనా సరే. తల్లి నుంచి రావాల్సిన గుణం పక్కింటి నుంచి వచ్చినట్టు!

ఖమ్మం మిర్చి చేలో చల్లిన పచ్చి కోళ్ల ఎరువులోనూ, భద్రాచలం అడవి అంచున నాటుకోడి గీరే పెంటకుప్పలోనూ ఈ ఇచ్చిపుచ్చుకోవడం జరగొచ్చు. ఎరువును బాగా మాగబెడితే ఆ వేడికి చాలా సూక్ష్మజీవులు చస్తాయి.