మీకు తెలుసా? ఆ రాయిని లారీ విసరలేదు!

టప్! హైవే మీద వెళ్తున్నారు. ముందు కంకర టిప్పర్. మీ కారు ముందు అద్దం మీద చిన్న నక్షత్రం పడింది! టిప్పర్ డ్రైవర్‌ని నాలుగు తిట్లు తిట్టేశారు కదూ? ఒక రహస్యం చెప్పనా? చాలాసార్లు ఆ రాయి చేసే పని టైరు కింద నుంచి పైకి లేవడమే. పరుగెత్తుకుంటూ వెళ్లి దాన్ని గుద్దేది మీరు! గంటకు 100 కిలోమీటర్ల వేగంలో రేగిపండంత రాయి అద్దానికి తగిలితే ఎంత దెబ్బో తెలుసా? అర కిలో సుత్తిని 80 సెంటీమీటర్ల పైనుంచి వదిలినంత! అదీ మొత్తం సూది మొనంత చోట!

ఇంకా వినండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023లో గరిష్ఠ వేగం 100 నుంచి 120 అయింది. ఇరవయ్యే కదా అనుకున్నారా? రాయి దెబ్బ మాత్రం 44 శాతం పెరిగింది! వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు మరి. నమ్మకపోతే ఫోన్ తీసి 1.2ని 1.2తో గుణించండి!

ఇక బీట పరుగు సంగతి! గాజులో పగులు జోరందుకుంటే సెకనుకు దాదాపు 1,500 మీటర్లు ఉరుకుతుంది! గాలిలో శబ్దం కూడా అంత వేగంగా పోలేదు. చార్మినార్ దగ్గర అంత పొడవాటి గాజు పలకకు దెబ్బ తగిలిందనుకోండి. ఆరు సెకన్లలోపే పగులు గోల్కొండలో ఉంటుంది! మీ చేతిలో ఇరానీ చాయ్ ఇంకా పెదాలకు చేరదు!

అదే పగులుకు నత్తలా పాకడం కూడా తెలుసు! రోజుకు 1 మిల్లీమీటరు కంటే మెల్లగా కూడా! ఎవరు నడిపిస్తారో ఊహించండి. నీళ్లు! అవును, మామూలు నీళ్లు! గాలిలో తేమ చాలు. నీటి అణువు బీట చివరి మొన దాకా దూరిపోతుంది. అక్కడ సిలికాన్, ఆక్సిజన్ చేతులు పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడదీస్తుంది! తర్వాత పక్క జంట. ఆ తర్వాత మరో జంట. "నిన్న ఇంత లేదే!" అని వానాకాలంలో తల గోక్కుంటారే, అది మీ భ్రమ కాకపోవచ్చు!

రాయి తగిలిన మచ్చను ఎప్పుడైనా భూతద్దంతో చూశారా? లోపల బోర్లించిన గరాటు కనిపించవచ్చు! పైన సన్నం, కిందికి పోయేకొద్దీ వెడల్పు. గుండ్రటి వస్తువు గాజును నొక్కితే ఒత్తిడి ఎలా పరుచుకుంటుందో 1881లోనే ఒకాయన లెక్కగట్టేశాడు. ఎవరో తెలుసా? హైన్రిచ్ హెర్ట్జ్! ఎఫ్ఎం రేడియోలో రోజూ వినే మెగాహెర్ట్జ్ ఆయన పేరే! మీ కారు అద్దం మీది ఆ గరాటుకూ శాస్త్రవేత్తలు హెర్ట్జ్ పేరే పెట్టారు!

అసలు గాజు పిరికిది కాదండోయ్! లెక్క ప్రకారం దానికి ఉండాల్సిన బలం, నిజంగా కనబడే బలానికి దాదాపు 100 రెట్లు! మరి ఆ బలం ఎటు పోయింది? కంటికి కనపడని గీతలు మింగేశాయి! ఇంగ్లండ్‌లో గ్రిఫిత్ అనే ఇంజినీరు సన్నటి గాజు పోగులు లాగి మరీ చూపించాడు. పోగు ఎంత సన్నబడితే అంత గట్టి! సన్నటి పోగులో పెద్ద గీత పట్టేందుకు చోటేదీ? కాబట్టి రాయి కొత్తగా ద్రోహం చేయనక్కర్లేదు. అద్దంలో ఎప్పటినుంచో దాక్కున్న గీతను తట్టి లేపితే చాలు!

మచ్చ పడిన అద్దాన్ని ఈసారి లోపలి నుంచి తడిమి చూడండి. చాలావరకు నున్నగా ఉంటుంది! ఎందుకంటే అది ఒక అద్దం కాదు, రెండు! మధ్యలో బొబ్బట్టులో పూర్ణంలా ఒక ప్లాస్టిక్ పొర. మందం? మామూలుగా 0.76 మిల్లీమీటరు! బయటి అద్దం పగిలినా లోపలిది హాయిగా ఉంటుంది. రెండూ పగిలినా పెంకులు ఆ పొరకే అతుక్కుని వేలాడతాయి, మీ ఒళ్లో పడవు!

ఆ పొర సత్తా ఎంతో చూస్తారా? ముందు అద్దాలకు ఒక పరీక్ష ఉంది. 2.26 కిలోల ఉక్కు గుండును 4 మీటర్ల ఎత్తు నుంచి అద్దం మీద వదులుతారు. అద్దం పగలొచ్చు, తప్పులేదు! కానీ గుండు అయిదు సెకన్లలోపు అవతలికి దూరిపోకూడదు. పగిలి కూడా పాసయ్యే పరీక్ష ఇంకెక్కడైనా ఉందా?

ఇదంతా ఒక చేతి జారుడుతో మొదలైంది! ఫ్రాన్స్‌లో ఎడ్వార్ బెనెడిక్టస్ అనే రసాయన శాస్త్రవేత్త చేతిలోంచి గాజు కుప్పె కింద పడింది. పగిలింది, కానీ చెదరలేదు! లోపల ఎండిపోయిన ద్రావణం పొరలా అంటుకుని పెంకులన్నిటినీ పట్టుకుంది. అది 1903. అదే ఏడాది అమెరికాలో మేరీ ఆండర్సన్ అనే ఆవిడ అద్దం తుడిచే వైపర్‌కు పేటెంటు తెచ్చుకుంది!

పక్క డోరు అద్దాలది వేరే కులం! వాటికి రాయి గట్టిగా తగిలితే నక్షత్రాలూ బీటలూ ఉండవు. భళ్లుమని అద్దమంతా పటికబెల్లం ముక్కలైపోతుంది! అలా కావాలనే కాల్చి, చప్పున చల్లార్చి చేస్తారు. అయిదు సెంటీమీటర్ల చదరంలో కనీసం 40 ముక్కలు అవ్వాలని అంతర్జాతీయ నిబంధన కూడా ఉంది! ముక్క ఎంత చిన్నదైతే గాయం అంత తక్కువ.

చల్లార్చడం అంటే గుర్తొచ్చింది! కరిగిన గాజు బొట్టును నీళ్లలో వదిలితే తోక ఉన్న కప్పపిల్ల లాంటి చుక్క తయారవుతుంది. పేరు ప్రిన్స్ రూపర్ట్ చుక్క. తల మీద సుత్తితో కొట్టండి, పగలదు! తోక కొస గిల్లండి, మొత్తం పిండి! ఆ తల పైపొరలో దాగిన ఒత్తిడి గాలి ఒత్తిడికి దాదాపు 7,000 రెట్లు! మీ డోరు అద్దం దీనికి చిన్న తమ్ముడే!

మే నెల మధ్యాహ్నం. కారు ఎండలో మాడుతోంది. ఎక్కగానే ఏసీ ఫుల్‌గా పెట్టి గాలి అద్దం మీదికి తిప్పారు. మచ్చ ఉన్న అద్దమా? చర్రున బీట సాగవచ్చు! దాదాపు ఒకటిన్నర మీటరు వెడల్పు అద్దం 40 డిగ్రీలు చల్లబడితే ముడుచుకునేది ఎంతో తెలుసా? అర మిల్లీమీటరు! అంతే! కానీ ఒక చోట ముడుచుకుని పక్క చోట ముడుచుకోకపోతే గాజుకు ఆ పాటి చాలు. పాపం రాయి వారం క్రితమే వచ్చి వెళ్లిపోయింది. బీట మాత్రం ఏసీ ఖాతాలో!

రూపాయి బిళ్లకన్నా చిన్న మచ్చను మెకానిక్ మాయం చేస్తాడు, చూశారా? నిజంగా మాయమే! బీట కనబడేది అందులో గాలి ఉండబట్టి. అక్కడ వెలుగు వంకర తిరిగి మెరుస్తుంది. గాలిని లాగేసి రెసిన్ నింపుతారు. గాజు వెలుగును వంచే లెక్క దాదాపు 1.5. రెసిన్‌దీ సుమారు అంతే! తేడా లేదు కాబట్టి వెలుగుకు అక్కడ బీట ఉన్నట్టే తెలియదు! షాపుకి వెళ్లేదాకా మచ్చ మీద సెల్లోటేపు ముక్క అంటించండి. నీళ్లూ దుమ్మూ దూరితే ఈ మాయ సగమే పారుతుంది.

రాయే ఉండాలా? రంగు పెచ్చు చాలు! 1983లో చాలెంజర్ స్పేస్ షటిల్ కిటికీకి అంతరిక్షంలో ఏదో తగిలి గుంట పడింది. తిరిగొచ్చాక చూస్తే అది రంగు పెచ్చు! సైజు దాదాపు 0.2 మిల్లీమీటరు, ఉప్పు రవ్వంత! కిటికీ మొత్తం మార్చాల్సి వచ్చింది! అక్కడ వేగం గంటల్లో కాదు, సెకన్లలో కిలోమీటర్లు మరి.

2016లో అంతరిక్ష కేంద్రం కిటికీ మీద కూడా అచ్చం మన హైవే మచ్చే! వెడల్పు 7 మిల్లీమీటర్లు! వ్యోమగామి టిమ్ పీక్ ఫొటో తీసి అందరికీ చూపించాడు. పాపం, తిట్టుకుందామంటే ముందు టిప్పర్ కూడా లేదు!

అన్నిటికన్నా రుచికరమైనది చివరికి దాచాను. 1954 వసంతం. అమెరికా వాషింగ్టన్ రాష్ట్రం. బెల్లింగ్‌హామ్ అనే ఊళ్లో కారు అద్దాల మీద వింత గుంటలు! ఆకతాయిల పని అనుకున్నారు పోలీసులు. కానీ జబ్బు ఊరి నుంచి ఊరికి పాకింది! ఏప్రిల్ నడుమ సియాటెల్ చేరింది. అక్కడ పోలీసులకు ఫోన్ల మీద ఫోన్లు. దెబ్బతిన్న కార్లు 3,000 పైనే!

ఎవరి పని? హైడ్రోజన్ బాంబు బూడిద అన్నారు! నిజంగానే మార్చి 1న పసిఫిక్‌లో పెద్ద బాంబు పేల్చారు మరి. విశ్వకిరణాలు అన్నారు! నౌకాదళం కొత్త రేడియో స్టేషన్ అన్నారు! ఇసుక పురుగులు గాజులో గుడ్లు పెట్టాయని కూడా అన్నారు! జనం అద్దాల మీద పేపర్లు, పట్టాలు కప్పారు. సియాటెల్ మేయర్ ఏకంగా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సాయం కోరాడు!

తేలిందేమిటో తెలుసా? పాత కార్లకు గుంటలు నిండుగా ఉన్నాయి. కొత్త కార్లకు దాదాపు లేవు! అంటే అవన్నీ ఏళ్ల తరబడి రోడ్డు రాళ్లు పెట్టినవే! అంతకుముందు అందరూ అద్దంలోంచి రోడ్డును చూశారు. ఆ వారం మొదటిసారి అద్దాన్ని చూశారు! ఏప్రిల్ 18 నాటికి ఫోన్లు ఆగిపోయాయి.

ఇది చదివి మీరూ కిందికి దిగి మీ కారు అద్దాన్ని ఎండకు వాలుగా చూస్తారు, నాకు తెలుసు! బోలెడు చుక్కలు కనిపిస్తాయి. పోలీసులకు ఫోన్ మాత్రం కొట్టకండి!