చెట్టే చిరునామా

విశాఖపట్నంలో మర్రిపాలెం ఉంది, తాటిచెట్లపాలెం ఉంది, పెందుర్తి దారిలో వేపగుంట ఉంది. తాము నివసించే చోటుకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు మన పూర్వులు ఎంతో దూరం వెదకలేదు. కళ్ళెదుట నిలిచిన చెట్టు పేరే పెట్టుకున్నారు. నేడు ఆ పేటలలో ఆ చెట్లను వెదకవలసిందే గాని, పేర్లు మాత్రం బస్సుల నుదుట నిలిచి ఉన్నాయి.

పల్లెలో చెట్టుకు యజమాని ఉంటాడు. కాయ ఎవరిదో, కలప ఎవరిదో అందరికీ తెలుసు. నగరంలో వీధి చెట్టు ఎవరిదీ కాదు. అయినా దానిపై మమకారం పెంచుకున్నవారు ఎందరో! వేపచెట్టు కింద ఇస్త్రీబండి పెట్టుకున్నవాడికి అది దుకాణం. ఆటోవారికి అది స్టాండు. కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కోసం కుటుంబాలకు కుటుంబాలే తరలివెళ్తాయి. రావి, వేప జంటగా పెరిగితే వాటికి పెళ్ళి చేసి, చుట్టూ అరుగు కట్టి, పసుపు కుంకుమలు పెట్టడం మన ఆచారం. సింహాచలం వెళ్ళిన వారు సంపెంగపూలు కొనకుండా కొండ దిగడం అరుదు.

విశాఖకు చెట్ల అవసరం తక్కిన నగరాలకంటే కొంత ఎక్కువ. ఈ ఊరు కొండల నడుమ గిన్నెలా అమరి ఉన్నది. పరిశ్రమల పొగ, ఓడరేవులో బొగ్గు, ఇనుప ఖనిజాల నుండి రేగే ధూళి త్వరగా బయటికి పోవు. ఆ ధూళిలో కొంతభాగాన్ని ఆకులు పట్టి ఉంచుతాయి. ఉక్కు కర్మాగారం చుట్టూ, ఉక్కునగరంలోను విరివిగా మొక్కలు నాటడానికి ఇదొక కారణం. అయితే ఈ పచ్చదనానికి మరొక వైపు కూడా ఉంది. 1971లో శంకుస్థాపన జరిగిన ఆ కర్మాగారం కోసం అనేక గ్రామాలవారు ఇళ్ళతోపాటు తమ తోటలనూ వదలి వెళ్ళారు. భూమికి పరిహారం లెక్క కట్టవచ్చు. తాత నాటిన మామిడిచెట్టుకు ఏ లెక్క కడతారు?

చెట్టు విలువ నగరమంతటికీ ఒక్కసారిగా తెలిసిన రోజు 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆనాడు హుద్‌హుద్ తుపాను విశాఖ వద్దనే తీరం దాటింది. గాలివేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. తుపాను కన్ను నగరం మీదుగా సాగినందువల్ల కాసేపు గాలి నిలిచింది. గండం గడిచిందనుకొని కొందరు బయటికి వచ్చారు. అంతలో గాలి ఎదురు దిక్కునుండి విరుచుకుపడింది. ఒకవైపు వంగి వదులైన వేళ్ళు రెండవ తాకిడికి ఆగలేదు. సిమెంటు, తారు మధ్య ఇరుకున పెరిగిన చెట్లకు వేళ్ళు చాపుకునే చోటే లేదు. కొమ్మలు విశాలంగా పరచుకునే నిద్రగన్నేర్లు, పెళుసు కలప గల తురాయిలు ఇటువంటి గాలికి సులభంగా లొంగుతాయి. మరునాడు చూస్తే కొండలు సైతం ఆకురాలి గోధుమరంగులో కనిపించాయి. చెట్టును గుర్తు పెట్టుకొని మలుపు తిరిగేవారు సొంత వీధిలోనే తడబడ్డారు. రోజుల తరబడి కరెంటు లేని ఆ ఎండలో నిలబడడానికి నీడ లేదు.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరపాలక సంస్థ వీధి చెట్లకు సంఖ్యలు వేసి, ఒక్కొక్కదానికి ఈ-మెయిల్ చిరునామా ఇచ్చింది. కొమ్మ విరిగితే తెలియజేస్తారని వారి ఉద్దేశం. ప్రజలు మాత్రం చెట్లకు ప్రేమలేఖలు రాశారు! మనవారికి ఉత్తరాలు రాసే అలవాటు లేదు గాని, చెప్పుకోవలసిన మాటలు తక్కువేమీ కాదు. చెట్టు నరకడానికి అనుమతి కావాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతున్నది. ఆ సంగతి తెలిసిన వారు కొందరే.

మా వీధి మొగలో చెప్పులు కుట్టే పెద్దాయన ఒకరున్నారు. హుద్‌హుద్‌లో ఆయన నిద్రగన్నేరు కూలిపోయింది. అదే చోట కానుగ మొక్క నాటారు. మేకలు తిన్నాయి. మరొకటి నాటితే కాలువ తవ్వకంలో పోయింది. మూడవదానికి పాత సైకిలు టైర్లతో కంచె కట్టి, తాగేందుకు తెచ్చుకున్న సీసాలోని నీళ్ళు సగం పోస్తూ వచ్చారు. ఇప్పుడు దాని నీడ ఆయన పనిముట్ల పెట్టెదాకా వస్తున్నది. కూర్చునే చోటికి ఇంకా రాలేదు. గొడుగు మాత్రం మానలేదు.