జర్మనీ ఉద్యానములలో చిట్టి రైళ్లు

చెరకు తోటలలో సన్నని పట్టాలపై బండ్లు నడిచెడివని మనలో పలువురము పెద్దలు చెప్పగా వింటిమి. ఫిజీలోను, నాటాలులోను తోట పట్టాల వెడల్పు రెండు అడుగులు. వాటికంటెను చిన్న రైళ్లు కొన్ని జర్మనీ ఉద్యానములలో నేటికిని నడచుచున్నవి. ఈ రెంటికిని భేదము కలదు. తోట రైలు చెరకు మోయుటకు పుట్టినది. తక్కువ వ్యయముతో దారి వేయుటకై దానిని ఇరుకుగా కట్టిరి. ఉద్యానపు రైలు వినోదమునకు పుట్టినది. పెద్ద రైలు రూపమునే తగ్గించి దానిని చేసిరి.

రెండు పట్టాల నడిమి దూరమును గేజి అందురు. జర్మనీలో సాధారణ రైలు గేజి 1435 మిల్లీమీటర్లు. డ్రెస్డెన్ నగరమునందలి గ్రోసర్ గార్టెన్, అనగా ‘పెద్ద తోట’, అను ఉద్యానములో నడచు రైలు గేజి 381 మిల్లీమీటర్లే. అయినను దాని ఆవిరి ఇంజను ఆటబొమ్మ కాదు. బొగ్గు మండగా బాయిలరులోని నీరు ఆవిరి యగును. ఆవిరి పిస్టనును త్రోయును. పిస్టనుకు తగిలించిన కడ్డీలు చక్రములను త్రిప్పును. పెద్ద ఇంజను నడచు విధమును ఇదియే. డ్రెస్డెన్‌లోని రెండు ఆవిరి ఇంజనులను మ్యూనిక్ నగరపు క్రౌస్ కర్మాగారము 1925లో నిర్మించెను. అదే సంవత్సరమున అచ్చటనే తయారైన మరియొక ఇంజను లైప్జిగ్ నగరములో ఔయెన్‌జే సరస్సు చుట్టును నడచు రైలుకు చెందినది.

ఇట్టి రైళ్లు పలుచోట్ల ప్రదర్శనల మూలమున వచ్చినవి. విశాలమైన ప్రదర్శన స్థలములో నడచి అలసిన జనులను త్రిప్పి చూపుటకు ఇవి అనుకూలముగా నుండెను. స్టుట్‌గార్ట్ నగరపు కిల్లెస్‌బెర్గ్ రైలు 1939 నాటి ఉద్యాన ప్రదర్శన కొరకు వేసినదే.

డ్రెస్డెన్ రైలు 1950 జూన్ 1న ప్రారంభమైనది. దాని దారి పొడవు 5.6 కిలోమీటర్లు. జంతుప్రదర్శనశాల యొద్ద ఒక స్టేషను కలదు. ఇచ్చట విశేషమేమనగా, పనులలో పెక్కింటిని బాలబాలికలే చేయుదురు. టిక్కెట్లు అమ్ముట, వాటిని పరీక్షించుట, సిగ్నలు చూపుట, రైలు కదలుటకు అనుమతి నిచ్చుట వారి విధులు. ఇంజనును మాత్రము పెద్దలు నడుపుదురు. తూర్పు జర్మనీ కాలములో ఈ రైలు పయనీర్లు అను బాలల సంఘము పేరుతో నడచినది. 1990లో ఆ రాజ్యము ముగిసినది. సంఘము పోయినను రైలు నిలిచినది. పిల్లల పనియు నిలిచినది.

ఆ ఇంజనులకు నూరేండ్లు నిండినవి. తొలినాడు అచ్చట టిక్కెట్లు అమ్మిన పిల్లలు నేడు వృద్ధులు. వారి తరువాత వచ్చిన ప్రతి తరమును ఆ పనిని చేతులతో చేసి నేర్చుకొన్నది. కావుననే ఆ రైలు అద్దాల గదిలో చూచు వస్తువు కాలేదు.

మన తోట రైళ్ల సంగతి యేమి? చెరకు బండికిని, పట్టాలు వేయువారికిని, ఇంజను కూతకును మన పెద్దలు తమ మాటలు వాడిరి. వారిలో అనేకులు ఇప్పుడు లేరు. మీ యింట అట్టి మాట యేదైనను మిగిలియున్నచో మాకు వ్రాసి పంపుడు. పెద్దలు చెప్పగా, మీ పిల్లల చేతనే తెలుగులో వ్రాయింపుడు. తప్పులున్నను పరవాలేదు; దిద్ది ప్రకటింతుము.