మద్యశాలలో సైనిక కేంద్రం

యుద్ధ సమయంలో సైన్యం కొత్త భవనం కట్టుకునేదాకా ఆగదు, ఉన్నదాన్నే వాడుకుంటుంది. అమెరికాలో వలసకాలపు టావెర్న్ అంటే మద్యశాల, సత్రం రెండూనూ. పెద్ద గది, వంటిల్లు, వార్తలు మోసుకొచ్చే బాటసారులు, అన్నీ అక్కడే. అందుకే 1775 ఏప్రిల్ 19 వేకువన లెక్సింగ్టన్ పౌరసేన బక్‌మన్ టావెర్న్‌లో చేరి బ్రిటిష్ సైన్యం కోసం కాచుకుంది.

సిప్పీఘాట్ ఉన్న దక్షిణ అండమాన్‌లో ఈ పాత్ర బంగళాలది. రాస్ ద్వీపంలో (నేటి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం) బ్రిటిష్‌వారు కట్టుకున్న భవనాలు 1942 మార్చిలో జపాన్ సేన వశమయ్యాయి. 1943 డిసెంబరులో నేతాజీ అక్కడి చీఫ్ కమిషనర్ బంగళాలోనే బస చేశారు.

భవనాల యజమానులు మారినా సామాన్యులకు రక్షణ దొరకలేదు. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో గూఢచారులనే నెపంతో జపాన్ సైనికులు 44 మందిని కాల్చి చంపారు.