ఎర్ర లేజర్ మసకబారిందా? ఆ స్క్రూ జోలికి వెళ్లకండి

మే నెల. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర రోజులు. వీధి చివర డీజే పక్కన, ఇంట్లో చేసుకున్న లేజర్ ప్రొజెక్టర్ పెట్టి గోడ మీద బొమ్మలు తిప్పాలని మీ ప్లాన్. మధ్యాహ్నం మూడింటికి టెస్ట్ చేశారు. నీలం, పచ్చ బాగానే ఉన్నాయి. ఎరుపు మాత్రం నీరసంగా ఉంది, తెలుపు రావాల్సిన చోట లేత నీలం వస్తోంది. డ్రైవర్ బోర్డు మీదున్న బుల్లి స్క్రూ కాస్త తిప్పారు. ఎరుపు వచ్చేసింది, అందరూ హ్యాపీ. రాత్రి తొమ్మిదిన్నరకి షో మొదలైంది. రెండు నిమిషాలకే ఎరుపు పోయింది. మళ్లీ రాలేదు.

"చైనా మాల్ అంతే" అనేసి ఇంకో డయోడ్ కోసం చెన్నై రిచీ స్ట్రీట్‌కో, బెంగళూరు ఎస్పీ రోడ్‌కో బస్సెక్కేముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ డయోడ్‌లో లోపం ఉండకపోవచ్చు. దాన్ని చంపింది మధ్యాహ్నం తిప్పిన స్క్రూ.

లేజర్ డయోడ్ ఎల్‌ఈడీ లాంటిది కాదు. కరెంటు ఒక గీత దాటేదాకా అది మామూలు బల్బులాగే మసగ్గా వెలుగుతుంది. ఆ గీతనే థ్రెషోల్డ్ అంటారు, అది దాటాకే అసలు లేజర్ మొదలవుతుంది. చిక్కేమిటంటే, వేడి పెరిగితే ఆ గీత కూడా పైకి జరుగుతుంది. అంటే అదే కరెంటుకి వెలుతురు తగ్గుతుంది. నీలం డయోడ్లు ఈ వేడిని కొంత ఓర్చుకుంటాయి. 638 నానోమీటర్ల ఎర్ర డయోడ్లు ఓర్చుకోలేవు. బయట 42 డిగ్రీలుంటే మూసిన పెట్టెలో ఇంకా ఎక్కువే ఉంటుంది. అక్కడ ఎరుపు మసకబారడం మామూలు విషయం. అది పాడవలేదు, వేడెక్కింది, అంతే. చల్లబడితే దానంతటదే తిరిగొస్తుంది.

కానీ మనం ఆగం కదా. కరెంటు పెంచుతాం. దాంతో వేడి పెరుగుతుంది, వెలుతురు ఇంకా తగ్గుతుంది, ఇంకా పెంచుతాం. ఇంతవరకూ డయోడ్ ఎలాగో భరిస్తుంది. అసలు గండం రాత్రికి. గాలి పది డిగ్రీలు చల్లబడింది, పెట్టె కూడా చల్లబడింది, డయోడ్‌కి సత్తువ తిరిగొచ్చింది. స్క్రూ మాత్రం మధ్యాహ్నం పెట్టిన చోటే ఉంది. ఇప్పుడు వెలుతురు అది మోయగలిగిన దానికంటే ఎక్కువ. ఆ వెలుతురంతా బయటికొచ్చే ద్వారం వెడల్పు మైక్రోమీటర్లలో ఉంటుంది. ఆ అంచు కరిగిపోతుంది. దీనికి మైక్రోసెకను కూడా పట్టకపోవచ్చు. ఫ్యాను, హీట్‌సింక్ ఎంత మంచివైనా ఆ క్షణంలో చేసేదేమీ లేదు.

చచ్చిపోయిన డయోడ్ పూర్తిగా ఆరిపోదు, అదే మోసం. కరెంటు మామూలుగానే తీసుకుంటుంది, ఎర్రగా వెలుగుతుంది కూడా. లెన్స్ ఎంత తిప్పినా చుక్క మాత్రం రాదు, గోడ మీద పలచటి మరక పడుతుంది. అలా కనిపిస్తే ఫోకస్‌తో కుస్తీ ఆపేయండి. అది ఇప్పుడు ఖరీదైన ఎల్‌ఈడీ.

మరి తెలుపు ఎలా రావాలి? ఎరుపు తగ్గినప్పుడు దాన్ని పెంచకండి. సాఫ్ట్‌వేర్‌లో నీలం, పచ్చ తగ్గించి దాని స్థాయికి తీసుకురండి. బొమ్మ మొత్తం కొంచెం డల్‌గా ఉంటుంది, చీకటి పడ్డాక ఎవరూ గుర్తుపట్టరు. ఎర్ర డయోడ్ కరెంటు ఒక్కసారే సెట్ చేయాలి, అదీ తెల్లవారుజామునో, ఏసీ గదిలోనో, డేటాషీట్‌లో ఉన్న గరిష్ఠానికి ఓ 20 శాతం తక్కువగా. తర్వాత ఆ స్క్రూ మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేసేయండి. జోక్ కాదు, స్క్రూ కదలకుండా ఉంచడానికి అది బాగా పనిచేస్తుంది.

వేడిని బయటికి పంపడం

ఒక ఆంపియర్ మీద నడిచే 450 నానోమీటర్ల నీలం డయోడ్ సుమారు నాలుగున్నర వాట్లు తింటుంది. అందులో వెలుతురుగా మారేది దాదాపు మూడో వంతే, మిగతాదంతా వేడి. అంత చిన్న డబ్బాలో మూడు వాట్ల వేడంటే తక్కువేమీ కాదు. డయోడ్ నుంచి రాగి లేదా అల్యూమినియం మాడ్యూల్‌కి, అక్కడి నుంచి మందపాటి బేస్ ప్లేట్‌కి, అక్కడి నుంచి ఫ్యాను గాలికి దారి తెగకుండా ఉండాలి. ప్రతి అతుకు దగ్గరా పలచగా థర్మల్ పేస్ట్ రాయండి. ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది: పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. మాడ్యూల్‌కే ఒక చిన్న డిజిటల్ థర్మామీటర్ ప్రోబ్ అతికించి, 40 డిగ్రీలు దాటితే ఎర్ర డయోడ్ ఆగిపోయేలా థర్మోస్టాట్ రిలే పెట్టుకోండి. పెట్టెను డీజే యాంప్లిఫయర్ మీద పెట్టకండి, అది పొయ్యి మీద పెట్టినట్టే.

పెల్టియర్ పెడదామా అని చాలామంది అడుగుతారు. పెట్టొచ్చు, కానీ దాని వెనక వైపు వచ్చే అదనపు వేడికీ దారి చూపాలి. పైగా ఈశాన్య రుతుపవనాల రోజుల్లో మరీ చల్లగా పెడితే డయోడ్ కిటికీ మీద తేమ పడుతుంది. 25 డిగ్రీల దగ్గర ఆపితే చాలు.

లూజ్ వైరు

వేడి తర్వాత ఎక్కువ డయోడ్లను తినేది ఇదే. నా మొదటి నీలం డయోడ్ బ్రెడ్‌బోర్డు మీదే పోయింది, ఇంకా లెన్స్ కూడా బిగించలేదు.

డ్రైవర్ చివర ఒక కెపాసిటర్ ఉంటుంది. డయోడ్ వైరు ఊడితే స్థిరమైన కరెంటు పంపాలని డ్రైవర్ వోల్టేజీని పైదాకా పెంచుతుంది, కెపాసిటర్ ఆ వోల్టేజీకి నిండిపోతుంది. వైరు మళ్లీ తగలగానే అదంతా ఒక్కసారిగా డయోడ్ మీద కుమ్మరిస్తుంది. బజారులో దొరికే కరెంటు లిమిట్ ఉన్న బక్ కన్వర్టర్ బోర్డులదీ ఇదే కథ. అందుకే పవర్ ఆపి, కెపాసిటర్ కాళ్లను ఒక రెసిస్టర్‌తో కలిపి ఖాళీ చేసి, అప్పుడే డయోడ్ కలపాలి. జంపర్ వైర్లు వద్దు, సోల్డర్ చేయండి. రివర్స్ కరెంటు నుంచి కాపాడటానికి డయోడ్ కాళ్ల మధ్య ఒక షాట్కీ డయోడ్‌ను తిరగేసి పెట్టండి.

నేర్చుకోవడానికి ఎల్‌ఎం317 మంచిది. 1.25ను రెసిస్టర్ విలువతో భాగిస్తే వచ్చేదే కరెంటు: 1.25 ఓంలకు ఒక ఆంపియర్. వేరియబుల్ రెసిస్టర్ వాడితే దానితో సిరీస్‌లో ఒక ఫిక్స్‌డ్ రెసిస్టర్ తప్పనిసరి, లేకపోతే నాబ్ సున్నాకి వెళ్లిన రోజు డయోడ్ కూడా వెళ్తుంది. బొమ్మలు తిప్పడానికి మాత్రం మాడ్యులేషన్ ఉన్న డ్రైవరే కావాలి.

ఏ డ్రైవర్ అయినా ముందు డమ్మీ లోడ్ మీద నడపండి. ఐదు 1ఎన్5408 డయోడ్లు, ఒక ఓం ఐదు వాట్ల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి, రెసిస్టర్ మీద వోల్టేజీ చూడండి. ఒక వోల్టు అంటే ఒక ఆంపియర్. స్విచ్ వేసిన క్షణంలో వచ్చే స్పైక్ మల్టీమీటర్‌కి కనపడదు. కాలేజీలో ఈసీఈ ల్యాబ్ ఆసిలోస్కోప్ దొరికితే ఒక పూట అడిగి చూసుకోండి, మీ డ్రైవర్ అసలు రంగు అక్కడ తెలుస్తుంది.

మండపాల్లో కరెంటు పోయి జనరేటర్ అందుకునే క్షణం కూడా ప్రమాదమే. సప్లై కుదురుకున్నాక రెండు మూడు సెకన్లకు డయోడ్‌ను కలిపే టైమర్ రిలే పెడితే ఆ గండం తప్పుతుంది.

స్టాటిక్ గురించి ఒక్క మాట. ఎండాకాలం పొడి గాలి, టెరికాటన్ చొక్కా, ప్లాస్టిక్ కుర్చీ: మీ వేలి నుంచి దూకే ఆ చిటుకు చాలు. రిస్ట్ స్ట్రాప్ కట్టుకోండి, ఎర్త్ ఉన్న సోల్డరింగ్ ఐరన్ వాడండి, డయోడ్ కాళ్లను సన్నటి రాగి తీగతో చుట్టి ఉంచి చివర్లో విప్పండి.

డయోడ్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, కన్ను అలా కాదు. 500 మిల్లీవాట్లు దాటితే అది క్లాస్ 4. రెప్ప వేసేలోపే పని అయిపోతుంది. మీ లేజర్ రంగుకి సరిపోయే రేటింగ్ ఉన్న కళ్లద్దాలు లేకుండా అలైన్‌మెంట్ చేయకండి, కిరణం జనం తలల పైనుంచే పోవాలి. ఫోన్‌తో వీడియో తీసేవాళ్లకూ చెప్పండి: కిరణం నేరుగా లెన్స్‌లో పడితే కెమెరా సెన్సర్ మీద శాశ్వతంగా గీత పడుతుంది. ఇక ఆకాశం వైపు అసలే వద్దు, రేణిగుంట విమానాశ్రయం పక్కనే ఉంది. పచ్చ లేజర్‌ను పైకి పంపి గాలినీ మేఘాలనీ కొలిచే పని గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వాళ్లు చూసుకుంటున్నారు. మనకి గోడ చాలు.