'బేజారు' వెనుక జబ్బు ఉండొచ్చు!
దిగులే కాదు.. మితిమీరిన హుషారూ లక్షణమే

బళ్లారి: ఒళ్లంతా నొప్పులు. నిద్ర పట్టదు. అన్నం సహించదు. ఈ బాధలతో సరిహద్దు పల్లెల నుంచి ఆసుపత్రికి వచ్చేవారు ఎందరో. రక్త పరీక్షలో ఏమీ తేలదు. బలానికి మాత్రలు రాయించుకుని వెళ్తారు. నెల తిరిగేసరికి మళ్లీ అదే వరస. డాక్టరు 'ఏనాగిదె' అని కన్నడలో అడిగితే తెలుగు ఇంటి మనిషి ఒంటి నొప్పి చెబుతాడే గానీ మనసు బాధ చెప్పడు. మరీ అడిగితే 'బేజారు' అని ఊరుకుంటాడు. ఆ మాట వెనుక కుంగుబాటు దాగి ఉండొచ్చు.

రెండు వారాలు దాటితే..
పంట పోయినా, అయినవాళ్లు పోయినా దిగులు సహజం. అయితే రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండటం, ఇష్టమైన పనిపైనా ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి తప్పడం, 'నేనెందుకూ పనికిరాను' అనుకోవడం రెండు వారాలకు మించి సాగితే అది బద్ధకం కాదు, జబ్బు. కొందరిలో దిగులు బదులు చిరాకే కనిపిస్తుంది.

హుషారు ఎక్కువైతే..
ఇంకో రకం ఉంది. రాత్రి మూడు గంటలు పడుకున్నా అలసట ఉండదు. మాట ఆగదు. అప్పు చేసి బోర్లు వేయిస్తారు, అడిగినవారికల్లా డబ్బు పంచుతారు. వద్దంటే తిరగబడతారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనో, తాగాడనో అనుకుంటారు. వారం రోజులు ఇలాగే ఉంటే మేనియాగా అనుమానించాలి. ఒకే మనిషికి ఒకప్పుడు కుంగుబాటు, ఒకప్పుడు ఈ హుషారు వస్తే అది బైపోలార్ జబ్బు. కుంగుబాటుతో వెళ్లినప్పుడు పాత హుషారు సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. లేకుంటే కుంగుబాటు మందు ఒక్కటే వాడటంతో హుషారు మళ్లీ తిరగబెట్టవచ్చు. రోగికి అప్పట్లో తాను బాగున్నట్టే తోస్తుంది కాబట్టి వెంట వెళ్లినవారే ఈ మాట చెప్పాలి.

మన జిల్లాకు కొత్త కాదు
పల్లె ఆసుపత్రిలోనే మనసుకు వైద్యం అందించే ప్రయత్నం 1985లో బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో బళ్లారి జిల్లాలోనే జరిగింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఇదే నమూనా. దేశానికి దారి చూపిన జిల్లాలో ఈ జబ్బును దాచుకోవాల్సిన పని లేదు.

అడగడానికి జంకొద్దు
'చచ్చిపోవాలనిపిస్తోందా' అని నెమ్మదిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అవునంటే మనిషిని ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు డబ్బాలు అందకుండా చూడాలి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 14416 టెలీ మానస్ నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు.

కుంగుబాటు మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే గుణం లేదని మానొద్దు. తగ్గిందని సొంతంగా ఆపొద్దు.