థార్ వెనక సొట్ట: షెడ్డు మాటలు, రేకు లెక్కలు

మల్లన్నసాగర్ కట్ట చూసిపోదామనో, కొమురవెల్లి జాతరకనో, ఊరికే పొలం బాటల్లో తిప్పుదామనో థార్లు, జిమ్నీలు, పాత జిప్సీలు కొండపాక దారి పడుతుంటాయి. రాజీవ్ రహదారి దిగి, రాళ్ల గట్ల మధ్య రివర్స్ తీసేటప్పుడు వెనక మూలకు ఓ బండరాయో, చెట్టు మొద్దో తగిలితే చాలు. సొట్ట పడటానికి క్షణం పడుతుంది. దాని మీద సలహాలు మాత్రం వారం రోజులు వస్తూనే ఉంటాయి.

అందులో మొదటిది వేడినీళ్ల చిట్కా. మరిగే నీళ్లు పోసి లోపలి నుంచి నెడితే సొట్ట టక్కున లేస్తుందని ఫోన్లలో వీడియోలు తిరుగుతుంటాయి. అవి అబద్ధం కావు, కాకపోతే అవి బంపర్ వీడియోలు. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి వేడికి మెత్తబడి తన పాత ఆకారానికి వస్తుంది. వెనక పక్క ప్యానెల్ ఉక్కు రేకు. ఉక్కు మెత్తబడాలంటే వందల డిగ్రీలు కావాలి, నీళ్లు వందకు మించి వేడెక్కవు. చేతులు కాలడం తప్ప ఒరిగేదేమీ లేదు.

రెండో సలహా పాత జీపుల నాటిది: "లోపలి నుంచి సుత్తితో గట్టిగా ఒక్కటి వేస్తే సరి." దీని వెనక అనుభవం లేకపోలేదు. మన దేశంలో మహీంద్రా 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. వాటి ఒంటికి మందమైన, చదునైన రేకు ఉండేది. దెబ్బకు దెబ్బ సరిపోయేది. ఇప్పటి బండ్ల పైరేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు, పైగా వంపులు తిరిగి ఉంటుంది.

దెబ్బ తగిలినప్పుడు ఈ రేకుకు రెండు జరుగుతాయి. మడత పడినచోట గట్టిపడుతుంది, లోతైనచోట సాగుతుంది. సాగిన చోటే మళ్లీ సుత్తి వేస్తే ఇంకా సాగి, చదును కావడం మాని బయటికి ఉబ్బుతుంది. అలాంటి రేకును వేలితో నొక్కితే టప్‌మని లోపలికి పోతుంది, వదిలితే టప్‌మని బయటికొస్తుంది. చేయి తిరిగిన టింకరింగ్ మేస్త్రీ అందుకే గుంత మధ్యలో మొదలుపెట్టడు. చుట్టూ లేచిన గట్లను ముందు దించుతాడు, వెనక డాలీ అనే ఇనుప దిమ్మ ఆనించి చిన్న చిన్న దెబ్బలతో అంచుల నుంచి లోపలికి వస్తాడు. టెయిల్ ల్యాంప్ విప్పితే కొంత చోటు దొరుకుతుంది, లోపలి ప్లాస్టిక్ తీస్తే ఇంకొంత. చెయ్యి దూరని చోట రేకు మీద సన్నని వాషర్లు వెల్డు చేసి, జారే బరువున్న కడ్డీతో బయటికి లాగుతాడు. చివరికి సాగిన రేకు మిగిలితే చిన్న చుక్కంత మేర వేడి చేసి చప్పున చల్లార్చి, దాన్ని దగ్గరికి ముడుస్తాడు. బయటి నుంచి చూసేవాళ్లకు ఇదంతా నిదానంగా, కొంత విసుగ్గా కనిపిస్తుంది. కూలీ అడిగేది ఆ నిదానానికే. ఇక రంగు పగలకుండా, పదునైన మడత లేకుండా పడిన సొట్టనైతే, పెయింట్ జోలికి పోకుండా లోపలి నుంచి కడ్డీలతో నెట్టి తీసేవాళ్లు కూడా ఉన్నారు.

"పుట్టీ పెట్టాడంటే మోసం చేసినట్టే" అన్నది మరో గట్టి నమ్మకం. ఇది సగమే నిజం. ఎంత మంచి మేస్త్రీ అయినా సుత్తి గుర్తులు కనబడకుండా పైన పలచని పూత వేయాల్సిందే. మోసం మందంలో ఉంటుంది. రేకును సరిగ్గా లేపకుండా గుంతనంతా పుట్టీతో నింపితే, గతుకుల్లో బాడీ అదిరిన కొద్దీ అది పగులుతుంది. రెండు, మూడు మిల్లీమీటర్లు దాటితే అనుమానించాల్సిందే. ఇంకో మాట: పాలిస్టర్ పుట్టీ చెమ్మను పీల్చుకుంటుంది. అది పెట్టి ప్రైమర్ వేయకుండా బండిని ఆరుబయట వదిలేస్తే, లోపల తుప్పు మొదలయ్యాక పైన ఎంత మెరిసే రంగు వేసినా కొన్నాళ్లకు పొక్కులు లేస్తాయి.

సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాళ్లు అయస్కాంతం పెట్టి చూస్తుంటారు. మందపాటి పుట్టీని అది పట్టిస్తుంది గానీ, పలచని పూత మీద మామూలుగానే అతుక్కుంటుంది. పెయింట్ మందం కొలిచే చిన్న మీటరే నయం. కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఒక మూలన మాత్రం అంకె వేలల్లోకి పోతే అక్కడ ఏం జరిగిందో అమ్మేవాడిని అడగవచ్చు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఒకటుంది: "ఇది ఛాసిస్ బండి, బాడీకి తగిలింది బాడీకే." ఛాసిస్ వేరుగా, బాడీ వేరుగా ఉండటం నిజమే. కానీ ఈ బండ్లకు స్టెపినీ వెనక డోరుకు వేలాడుతుంది. వెనక్కి పోయి దేన్నైనా గుద్దితే చాలాసార్లు ముందు తగిలేది ఆ టైరే. ఆ దెబ్బ డోరు కీళ్లకు, కీళ్ల నుంచి బాడీ స్తంభానికి పాకుతుంది. సొట్ట పక్క ప్యానెల్ మీద చిన్నగా కనిపించినా, డోరు సందు ఒకవైపు వెడల్పుగా, ఒకవైపు ఇరుకుగా ఉందేమో చూడాలి. డోరు గట్టిగా విసిరితే గానీ పడకపోయినా, మట్టి బాటలో లోపలికి దుమ్ము కొత్తగా వస్తున్నా రంగు సంగతి తర్వాత. ముందు ఆ సందులు సరిచేయాలి.

"ఈ తంటా ఎందుకు, ప్యానెలే మార్చేద్దాం" అనేవాళ్లకు ఒక చిక్కుంది. బానెట్, ముందు ఫెండర్ బోల్టులు విప్పితే వస్తాయి. వెనక పక్క ప్యానెల్ బాడీకి వెల్డింగుతో కలిసిపోయి ఉంటుంది. మార్చడమంటే కోసి, మళ్లీ అతకడం. ఫ్యాక్టరీలో తుప్పు పట్టకుండా వేసిన పూత ఆ అతుకుల దగ్గర కాలిపోతుంది. సీలరు, లోపలి మైనపు పూత మళ్లీ వేయకపోతే తుప్పు అక్కడి నుంచే పుడుతుంది. రేకు చిరగనంత వరకు బాగుచేయించడమే మేలు. రెండింటిలో ఏది చేసినా వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ విప్పాలి. ఇంధనం పోసే గొట్టం ఆ ప్యానెల్ వైపే ఉంటే నిప్పు తగలకుండా చూడాలి.

మిగిలింది ఇన్సూరెన్స్. "కట్టేది ఇందుకే కదా" అని చిన్న సొట్టకూ క్లెయిమ్ వేసేవాళ్లు ముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి. 1500 సీసీ దాకా బండికి తప్పనిసరిగా మన జేబులోంచి పెట్టుకోవాల్సింది 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000. అంటే జిమ్నీకి వెయ్యి, 2.2 లీటర్ల డీజిల్ థార్‌కు రెండు వేలు. జీరో డిప్రిసియేషన్ లేకపోతే, నాలుగేళ్లు దాటి అయిదో ఏడు నడుస్తున్న బండికి మార్చిన లోహ భాగం మీద 35 శాతం కోత. రేకును బాగుచేసిన కూలీ మీద ఈ కోత ఉండదు.

అసలు దెబ్బ నో క్లెయిమ్ బోనస్ మీద పడుతుంది. అది 20, 25, 35, 45, 50 శాతంగా ఏటా మెట్టు మెట్టుగా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్‌తో, బోనస్‌ను కాపాడే అదనపు కవర్ లేకపోతే, సున్నాకు పడుతుంది. 50 శాతం దగ్గరున్నవాడు క్లెయిమ్ వేస్తే వచ్చే అయిదు రెన్యువళ్లలో వరసగా 50, 30, 25, 15, 5 శాతం రాయితీ పోగొట్టుకుంటాడు. ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏటా 10,000 అనుకుంటే మొత్తం 12,500 రూపాయలు. దానికి థార్‌కైతే పై రెండు వేలు, జిమ్నీకైతే వెయ్యి కలపాలి. సిద్దిపేటలోనో గజ్వేల్‌లోనో షెడ్డువాడు చెప్పిన అంచనా అంతకన్నా తక్కువుంటే క్లెయిమ్ ఫారం నింపే పని లేదు.